26/11 పోస్టులు చూసి మా క్లాసులో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న. మీరైతే ఏం చెప్తారు?

కందుకూరు_మాస్టారు

అందరికీ నమస్కారం. మాది కందుకూరు (ఏ జిల్లా అని మాత్రం అడక్కండి, మాకే తికమకగా ఉంది). హైస్కూల్లో సోషల్ చెప్తాను. 2008లో ముంబై దాడి జరిగిన నవంబర్ 26 వచ్చిందంటే మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఏటా అవే పోస్టులు. పొగలు కమ్ముకున్న తాజ్ హోటల్ గుమ్మటం, హెల్మెట్ పెట్టుకుంటున్న పోలీసు అధికారి హేమంత్ కర్కరే, ఆ వెనకే ప్రాణాలతో దొరికిన ఒకే ఒక్క టెర్రరిస్టు గురించి "కసబ్‌కి బిర్యానీ పెట్టి మేపారు" అనే ఫార్వర్డ్. ఈసారి గొడవ ముదిరింది. ఒకడు నాయకులందరినీ కలిపి తిట్టాడు, ఒకడు టీవీ వాళ్ళ వల్లే కమాండోల పని కష్టమైందన్నాడు, ఇంకొకడు టీవీలే లేకపోతే నీకు ఏం తెలిసేదిరా అని లేచాడు, ఆఖరికి ఇద్దరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

అది వాళ్ళ తిప్పలు. నా తిప్పలు వేరే. ఆ రోజు రాజ్యాంగ దినోత్సవం కాబట్టి స్కూల్లో ప్రవేశిక చదివించాం, తర్వాత తొమ్మిదో తరగతిలో ముంబై దాడి గురించి నాలుగు ముక్కలు చెప్పాను. కరాచీ నుంచి సముద్రం మీద పదిమంది వచ్చారని, 166 మంది చనిపోయారని, మూడు రోజులు సాగిందని. ఒక అమ్మాయి లేచి, "సార్, రైల్వే స్టేషన్లోనే ఎక్కువమంది చనిపోయారంటున్నారు కదా, మరి ఫొటోలన్నీ హోటల్‌వే ఎందుకున్నాయి?" అంది. రేపు చెప్తానమ్మా అన్నాను. ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టొచ్చు గానీ, పిల్ల అడిగింది మామూలు ప్రశ్న కాదనిపించింది. దాడి జరిగాక జనం, టీవీల్లో కూర్చునేవాళ్ళు, నాయకులు ఎట్టా స్పందించారో గుర్తున్నవాళ్ళు చెప్పండి. తిట్లు వద్దు, గ్రూపులో సరిపడా తిన్నాను.

ఒంగోలు_డెస్క్

మాస్టారూ, 2008లో నేను ఒక పేపర్‌లో జిల్లా డెస్క్‌లో ఉన్నాను. ఆ బుధవారం రాత్రి మా జిల్లా పేజీలు దాదాపు అయిపోయాయి. మొదట వచ్చిన కబురు ముంబైలో గ్యాంగ్ వార్ అని. గంట తిరిగేసరికి మొదటి పేజీ మొత్తం లేచిపోయింది, తర్వాత ఎన్నిసార్లు మారిందో నాకే గుర్తులేదు.

ఆ అమ్మాయి ప్రశ్నకు సగం జవాబు టైమింగ్‌లో ఉంది. ముంబైలోని పెద్ద రైల్వే స్టేషన్ సీఎస్‌టీలో కసబ్, వాడితో వచ్చిన ఇంకొకడు కాల్పులు జరిపి అక్కణ్ణుంచి కామా హాస్పిటల్ వైపు వెళ్ళిపోయారు. టీవీ వ్యాన్లు సర్దుకునేసరికి అక్కడ మిగిలింది రక్తం, చెప్పులు, సంచులు. తాజ్ అట్టా కాదు. 29వ తేదీ పొద్దుటి దాకా సాగింది. కెమెరాను గేట్‌వే దగ్గర నిలబెడితే చాలు, వెనక మంటలు కనిపిస్తుంటాయి, యాంకర్ మాట్లాడుతూనే ఉండొచ్చు. మిగతా సగం జవాబు కాస్త చేదు. ఢిల్లీ, ముంబై స్టూడియోల్లో కూర్చుని మాట్లాడినవాళ్ళలో చాలామందికి తాజ్ తెలుసు, అందులో భోంచేశారు, పెళ్ళిళ్ళకు వెళ్ళారు. సీఎస్‌టీలో రాత్రి పదింటికి నేల మీద దుప్పటి పరుచుకుని ఊరికి పోయే బండి కోసం చూసేవాళ్ళు వాళ్ళకు తెలియదు. ఈ మాట అప్పట్లోనే కొందరు గట్టిగా రాశారు, మనమేదో ఇప్పుడు కనిపెట్టింది కాదు.

ఆ స్టేషన్లోనే ఒక రైల్వే అనౌన్సర్ తన గదిలోంచి కదలకుండా మైకులో జనాన్ని ఏ వైపు నుంచి బయటికి పోవాలో చెప్తూ ఉండిపోయాడు. ఎంతమంది బతికారో లెక్కే లేదు. పిల్లలకు అతని గురించి చెప్పండి.

ఇక టీవీల సంగతి. మీ గ్రూపులో అన్నవాడు తప్పేమీ అనలేదు. కమాండోలు ఎక్కడ దిగుతున్నారో, ఎవరు ఏ వైపు నుంచి లోపలికి పోతున్నారో లైవ్‌లో చూపించారు. అవతల పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్ళు అదే టీవీ చూస్తూ లోపలున్నవాళ్ళకు ఫోన్లో చెప్పారు. 2012 ఆగస్టు 29న కసబ్ ఉరిని ఖాయం చేస్తూ సుప్రీంకోర్టు ఈ విషయం మీద ఛానళ్ళకు గట్టిగానే తలంటింది. ఇలాంటి ఆపరేషన్ నడుస్తున్నంతసేపు లైవ్ ఇవ్వకూడదు, ప్రభుత్వం నియమించిన అధికారి చెప్పినంతే చెప్పాలి అన్న రూలు కేబుల్ టీవీ నిబంధనల్లోకి 2015లో వచ్చింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత కేంద్రం మళ్ళీ అదే రూలు గుర్తు చేస్తూ ఛానళ్ళకు అడ్వైజరీ ఇచ్చింది. ఇచ్చిన రెండు వారాలకే కొన్ని ఛానళ్ళు ఉత్తుత్తి వార్తల్లో కరాచీ పోర్టును లేపేశాయి, స్టూడియోలో కూర్చునే.

బిర్యానీ గురించి కూడా చెప్తాను. అది కట్టుకథ. కసబ్ బిర్యానీ అడగలేదు, ఎవరూ పెట్టలేదు, ఆ మాట తానే పుట్టించానని ప్రాసిక్యూటర్ ఉజ్వల్ నికమ్ గారే 2015లో బయటపెట్టారు. కసబ్ మీద జాలి పుట్టే వాతావరణం వస్తోందనిపించి అట్టా అన్నానని కారణం కూడా చెప్పారు. ఆయన చెప్పేసి ఇన్నేళ్ళయినా మన గ్రూపుల్లో బిర్యానీ ఇంకా ఉడుకుతూనే ఉంది.

పొదిలి_ప్రసాద్

డెస్క్ అన్నా, ముంబై దాకా ఎందుకు, మనకు దిల్‌సుఖ్‌నగర్ ఉంది కదా. 2013 ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం ఏడు ప్రాంతం. సైకిళ్ళ మీద పెట్టిన బాంబులు, నిమిషాల తేడాతో రెండు. 18 మంది పోయారు, వందమందికి పైగా దెబ్బలు తగిలాయి. ఒంగోలు, మార్కాపురం, పొదిలి, దర్శి, కావలి, ఎక్కడి పిల్లలైనా అప్పట్లో హైదరాబాద్‌లో దిగితే చేరేది ఆ చుట్టుపక్కల హాస్టళ్ళలోనే. కోచింగులన్నీ అక్కడే, టిఫిన్ బళ్ళు అక్కడే, ఊరి బస్సు దిగేదీ అక్కడే.

మా అన్న చైతన్యపురిలో హాస్టల్లో ఉండేవాడు. ఆ రాత్రి మా ఇంట్లో టీవీ కింద స్క్రోలింగ్‌లో మృతుల సంఖ్య ఏడు, తొమ్మిది, పన్నెండు అని పెరుగుతూ ఉంటే మా అమ్మ ల్యాండ్‌లైన్ పక్కనే కూర్చుని అదే నంబరు మళ్ళీ మళ్ళీ తిప్పుతోంది, లైను కలవదు. మా వీధిలో ఇంకో రెండిళ్ళలో అదే పరిస్థితి. ఎవరి పిల్లాడి ఫోన్ కలిసినా వాడి చేత మిగతావాళ్ళ రూములకు మనిషిని పంపించేవాళ్ళు. పదకొండు దాటాక మా అన్న ఏదో ఎస్టీడీ బూత్ నుంచి చేశాడు. మా అమ్మ అన్న మొదటి మాట, "చదివింది చాలు, బస్సెక్కి వచ్చెయ్". వాడు రాలేదు, సోమవారం కోచింగ్‌కి పోయాడు.

ఇక్కడే నాకు మండేది. మర్నాటి నుంచి టీవీల్లో ఒకటే పాట: నగరం చెక్కుచెదరలేదు, జనం ధైర్యంగా రోడ్డెక్కారు. ముంబై వాళ్ళను కూడా ఇట్టాగే పొగిడారు, మర్నాడే లోకల్ ట్రైన్లు ఎక్కేశారని. ధైర్యం కాదు సార్, ఫీజు కట్టేశారు, రూముకి అడ్వాన్స్ ఇచ్చేశారు, పోకపోతే జీతం కట్. చాలామంది ముంబై వాళ్ళే అప్పట్లో ఈ పొగడ్త మాకొద్దు, భద్రత చూడండి అని విసుక్కున్నారు.

నాయకుల మాటలు ఇంకో తీరు. దిల్‌సుఖ్‌నగర్‌కు ముందే సమాచారం ఉంది, కానీ ఎక్కడ అన్నది లేదు అని అప్పటి కేంద్ర హోం మంత్రి షిండే గారు అన్నారు. అది విన్న తల్లికి ఎట్టా ఉంటుంది? హాస్పిటల్లో కట్లు కట్టించుకుంటున్న ఒక కుర్రాడి నోటి దగ్గర మైకు పెట్టి "ఆ క్షణంలో మీకేమనిపించింది" అని అడిగిన రిపోర్టర్‌ని మా అన్న కళ్ళారా చూశాడు. ఏ ఛానలో చెప్పను, అన్నీ అంతే.

నెల్లూరు_రెడ్డి_గారు

ఏందబ్బా ఇదంతా. మనుషుల్ని పిట్టల్ని కాల్చినట్టు కాల్చిపోతే జనానికి కోపం రాదా? టీవీ తప్పు, జనం తప్పు, ఫార్వర్డ్ చేసినోడిది తప్పు, అసలు చంపినోడి మాట మాత్రం ఎవరూ ఎత్తరు. కోపం వస్తేనే ప్రభుత్వం కదులుతుంది. కేంద్ర హోం మంత్రి శివరాజ్ పాటిల్ ఎందుకు దిగిపోయాడు? మహారాష్ట్ర ముఖ్యమంత్రి విలాస్‌రావ్ ఎందుకు దిగిపోయాడు? జనం తిట్టబట్టే కదా. పిల్లలకు ఆ సంగతి కూడా చెప్పండి మాస్టారూ.

ఒంగోలు_డెస్క్

రెడ్డి గారూ, అది ఒప్పుకుంటాను. పెద్ద నగరాల్లో ఇలాంటి చిన్న ఘటనలు మామూలే అన్న అర్థంలో మాట్లాడిన మహారాష్ట్ర హోం మంత్రి ఆర్.ఆర్. పాటిల్ పదవి పోయింది. తాజ్ చూడటానికి కొడుకునీ, మన రామ్ గోపాల్ వర్మనీ వెంటబెట్టుకుని వెళ్ళిన విలాస్‌రావ్ పదవీ పోయింది. జనం కోపమే లేకపోతే ఆ డిసెంబర్‌లోనే ఉగ్రవాద కేసులు చూసే ఎన్ఐఏ చట్టం అంత తొందరగా వచ్చేది కాదు, మర్నాటి ఏడు హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల్లో ఎన్ఎస్‌జీ కమాండోల కేంద్రాలు పెట్టేవాళ్ళూ కాదు. అంతకుముందు ఢిల్లీ పక్క నుంచి విమానంలో రావాల్సిందే, ఆ రాత్రి వాళ్ళు తెల్లవారాక గానీ పనిలోకి దిగలేకపోయారు. కోపం సరైన మనిషి మీదికి పోతే పని జరుగుతుంది. సమస్యల్లా అది పక్కింటివాడి మీదికి పోయినప్పుడే.

కోటమిట్ట_బాషా

పక్కింటివాడు అన్నారు కాబట్టి రాస్తున్నా, లేకపోతే ఇలాంటి చర్చల్లో నేను గమ్మునుంటాను. నాది నెల్లూరులో బట్టల షాపు. ఎక్కడ ఏ దాడి జరిగినా రెండు రోజులు నేను టీ కొట్టు దగ్గరికి పోతే మాటలు ఆగిపోతాయి. ఎవరూ నన్నేమీ అనరు, మంచోళ్ళే, రొట్టెల పండక్కి నాతోపాటు స్వర్ణాల చెరువుకు వచ్చేవాళ్ళే. కానీ ఆగిపోతాయి. ఎవడో ఒకడు "బాషా భాయ్, నువ్వు చెప్పు, దీన్ని ఖండిస్తావా లేదా" అంటాడు, నవ్వుతూనే అంటాడు. నేను ముంబై ఎప్పుడూ చూడలేదు.

మాస్టారూ, మీ పిల్లలకు ఇదొకటి చెప్పండి. ఆ రోజు చచ్చిన తొమ్మిదిమంది టెర్రరిస్టుల శవాలకు ముంబై ముస్లిములు తమ కబరస్తాన్‌లో చోటివ్వలేదు. వీళ్ళు ముస్లిములే కాదు, మా నేలలో పూడ్చనివ్వం అని పెద్దలు తేల్చి చెప్పారు. ఏడాది దాటేదాకా ఆ శవాలు మార్చురీలోనే పడున్నాయి, 2010 జనవరిలో ప్రభుత్వం ఎక్కడో గుట్టుగా పూడ్చింది. 2008 డిసెంబర్ బక్రీద్‌కు నమాజుకి నల్ల రిబ్బన్లు కట్టుకుపోయారు. చనిపోయినవాళ్ళలో ముస్లిములూ ఉన్నారు, సీఎస్‌టీలో చాలామందే. ఆ నల్ల రిబ్బన్ల ఫొటో మీ ఫార్వర్డుల్లో ఎప్పుడైనా వచ్చిందా?

మైపాడు_తీరం

బాషా అన్నకు సలాం. నాదొక మాట. ఆ పదిమంది రబ్బరు బోటు దిగింది కొలాబా దగ్గర మత్స్యకారుల కాలనీలో. వాళ్ళను మొదట చూసిందీ, మీరెవరని అడిగిందీ చేపలు పట్టుకునేవాళ్ళే. అంతకుముందు నడి సముద్రంలో గుజరాత్ బోటు 'కుబేర్'ను పట్టుకుని అందులోవాళ్ళను చంపేశారు. మొదట పోయింది మావాళ్ళ ప్రాణాలే. అయినా మూడు రోజుల టీవీ చర్చల్లో రిటైరైన జనరళ్ళు, సినిమావాళ్ళు కనిపించారు గానీ ఒక్క బెస్తవాణ్ణి కూర్చోబెట్టి "సముద్రంలో కొత్త బోటు కనిపిస్తే మీకెట్టా తెలుస్తుంది" అని అడిగినవాడు నాకు కనబళ్ళేదు.

స్పందన అంటే మాకు కొవ్వొత్తులు కాదు, కార్డులు. ఆ తర్వాతే మాకు బయోమెట్రిక్ గుర్తింపు కార్డులు, బోటుకు రిజిస్ట్రేషన్ నంబరు, రాష్ట్రానికో రంగు, తీరమంతా మెరైన్ స్టేషన్లు వచ్చాయి. సాగర్ కవచ్ అని డ్రిల్లు పెడతారు. పోలీసులే మారువేషంలో బోటు మీద వస్తారు, ఒడ్డున ఉన్నోళ్ళు పట్టుకోవాలి. మా ఊళ్ళో ఒకసారి పట్టేశారు, వచ్చినాయన కాళ్ళకు బూట్లు చూసి. బెస్తోడు బోటులో బూట్లేసుకుంటాడా ఎక్కడైనా?

కార్డు మర్చిపోయి వేటకు పోతే మాత్రం ఆపి గంటలు గంటలు నిలబెడతారు, అదొక బాధ. అయినా కార్డు వద్దని నేననను. ఏదైనా అనుమానం వస్తే కోస్ట్‌గార్డ్ నంబర్ 1554, మీ పిల్లల చేత రాయించండి మాస్టారూ, కందుకూరు నుంచి సముద్రం ఎంత దూరమని.

నెల్లూరు_రెడ్డి_గారు

బూట్ల సంగతి బాగుందబ్బా. బాషా, నీ షాపు ఏ వీధిలో? నేను టీ తాగేది ఆ చుట్టుపక్కలే.

కోటమిట్ట_బాషా

రండి రెడ్డి గారూ, దర్గా వైపు వచ్చి ఎవర్నడిగినా చెప్తారు. టీ నాదే.

కందుకూరు_మాస్టారు

అందరికీ థాంక్స్. ఇది ఒక పీరియడ్‌లో తేలేది కాదు. తాజ్ ఫొటో ఒకటి, సీఎస్‌టీ ఫొటో ఒకటి బోర్డు మీద అంటించి, ఏది ఎంతసేపు సాగింది, ఎక్కడ ఎవరున్నారు అని పిల్లల చేతనే చెప్పిద్దామనుకుంటున్నా. అనౌన్సర్, ఆ బెస్త కాలనీవాళ్ళు, కబరస్తాన్ పెద్దలు, లాఠీతో పోయి కసబ్ తుపాకీ గొట్టం పట్టుకుని వదలని పోలీసు తుకారాం ఓంబ్లే, వీళ్ళందరూ రావాలి. డెస్క్ గారూ, ఆ సుప్రీంకోర్టు తీర్పు ఎక్కడ దొరుకుతుంది? మా గ్రూపులో కూడా పెడతాను, ఉన్నవాళ్ళైనా చదువుతారు.

ఒంగోలు_డెస్క్

సుప్రీంకోర్టు సైట్‌లోనే ఉంది మాస్టారూ, కసబ్ పేరుతో వెతకండి. వందల పేజీలుంది, భయపడకండి, మీడియా పాత్ర అని విడిగా ఒక భాగం ఉంటుంది, కొద్ది పేరాలే. ఇంగ్లీషు కూడా తేలికే. ఫోన్లో ఏ ఆదేశాలు వచ్చాయో ఆ సంభాషణలు కూడా తీర్పులో ఉన్నాయి, అవి మాత్రం ముందు మీరు చదివి, తొమ్మిదో తరగతికి ఎంతవరకు అవసరమో చూసుకోండి.