గూగుల్ ఫామ్స్ సర్వే మా గ్రంథాలయం సైట్‌లో కలిసిపోయేలా అమర్చడం ఎలా?

అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయానికి వర్డ్‌ప్రెస్ సైట్ ఉంది. పాఠకులకు ఎలాంటి పుస్తకాలు కావాలో తెలుసుకోవడానికి గూగుల్ ఫామ్స్‌లో తెలుగు సర్వే తయారుచేసి, దాని ఐఫ్రేమ్ (ఒక పేజీలో మరో పేజీని చూపించే) కోడ్‌ను ఒక పేజీలో పెట్టాను. కోడ్‌లో 640 పిక్సెళ్లుగా ఉన్న వెడల్పును 100 శాతానికి మార్చడంతో ఫోన్‌లో పక్కలు తెగిపోవడం లేదు. అసలు చిక్కు ఎత్తుతోనే వస్తోంది. కంప్యూటర్‌కు సరిపడే ఎత్తు ఇస్తే, ఫోన్‌లో ఒక్కో ప్రశ్న మూడు నాలుగు వరుసలుగా విరిగి, పేజీ లోపల మరో స్క్రోల్ పట్టీ వచ్చి, పెద్దవయసు పాఠకులు ‘సబ్మిట్’ బటన్ కనబడక మధ్యలోనే ఆగిపోతున్నారు. వారి అభిప్రాయాలే మాకు ముఖ్యం.

రంగు, పైబొమ్మ సైట్‌కు తగ్గట్టు మార్చుకున్నాను. అయితే ఐఫ్రేమ్‌లోని పేజీ వేరే డొమైన్‌కు చెందినది కనుక మా సీఎస్ఎస్ (పేజీ రూపురేఖలను నిర్ణయించే కోడ్) దానికి వర్తించదు. అక్షరాలు మా సైట్‌లో వాడే ‘మండలి’ అనే తెలుగు ఫాంటులోకి మారవు.

సొంత హెచ్‌టీఎంఎల్ ఫారం రాసి, ప్రతి ప్రశ్నకూ ఉండే ‘ఎంట్రీ’ సంఖ్యల ఆధారంగా జవాబులను అదే సర్వేకు పంపవచ్చు గానీ, అవి చేరాయో లేదో మన పేజీ స్క్రిప్టు చదవలేదు. ఈ పద్ధతిని ఎక్కువకాలం వాడినవారు ఉన్నారా? లేక వర్డ్‌ప్రెస్‌కు జోడించే ఫారం ప్లగిన్‌కు మారడమే మేలా? జవాబులు మాత్రం గూగుల్ షీట్‌లోకే చేరాలి, ఎందుకంటే మా లైబ్రేరియన్ గారు వాటిని అక్కడే చూస్తారు. దయచేసి తెలియజేయగలరు.