ఇమంత్స్ అనే లాట్వియా పేరుకు అసలు అర్థం ఏమిటి?

అందరికీ నమస్కారం. నేను లాట్వియా రాజధాని రీగాలో ఇమంత అనే పేటలో అద్దెకుంటున్నాను. మా పక్కింటి తాతగారి పేరు ఇమంత్స్. ఆయన భార్య మాత్రం 'ఇమంత్!' అని పిలుస్తుంది. మనం రాముణ్ణి 'రామా' అన్నట్టు, ఇక్కడ మగపేర్ల చివరుండే 'స్' పిలుపులో రాలిపోతుందట. అది తెలిశాక ఈ భాష ఒక్కసారిగా దగ్గరైనట్టనిపించింది.

మీ పేరుకు అర్థమేంటండీ అనడిగితే, 'వీరుడి పేరమ్మా, అంతే' అన్నారాయన. వెతికితే కథ దొరికింది. 1198లో రీగా దగ్గర జరిగిన యుద్ధంలో, సైన్యంతో వచ్చిన బిషప్ బెర్తోల్డ్‌ను అక్కడి లివ్ జాతి యోధుడొకడు వెనకనుంచి ఈటెతో పొడిచి చంపాడు. ఆ కాలపు మతగురువు హెన్రీ లాటిన్‌లో రాసిన లివోనియా (ఇప్పటి లాట్వియా, ఎస్టోనియాల ప్రాంతం) చరిత్రలో ఆ యోధుడి పేరు 'యిమౌత్'. ఇమంత, ఇమంత్స్ అనే రూపాలు దాన్నుంచే వచ్చాయంటారు. లాట్వియా కవి ఇమంత్స్ జియెదోనిస్ (1933–2013) పేరూ ఇదే.

నన్ను తొలిచేస్తున్నది ఇదీ: లివ్ భాష ఫిన్నిష్, ఎస్టోనియన్‌ల కుటుంబానిది, లాట్వియన్ ఏమో వేరే కుటుంబానికి చెందిన బాల్టిక్ భాష. మరి ఈ పేరుకు మూలధాతువు లివ్‌లో ఉందా? 'యిమౌత్'లోని 'ఔ' 'అన్' ఎలా అయింది, రాతప్రతిలో u, n అక్షరాలు తారుమారయ్యాయా?

ఎస్టోనియన్ గానీ ఫిన్నిష్ గానీ వచ్చినవాళ్లు, భాషాశాస్త్రం చదివినవాళ్లు దయచేసి చెప్పండి. వచ్చే నెల తాతగారికి ఎనభై నిండుతాయి. ఆయన పేరు కథంతా ఒక కాగితం మీద అందంగా రాసి ఇవ్వాలని నా కోరిక.