గేరు మీటరు చూసి మార్చాలా, శబ్దం విని మార్చాలా?

కొత్తచెయ్యి:
పాత స్ప్లెండర్ మీద నేర్చుకుంటున్నా. మా అన్న 20 దాటితే రెండు, 30 దాటితే మూడు, 40కి టాప్ (నాలుగో గేరు) అంటాడు. మెకానిక్ అన్నేమో మీటరు వైపు చూడొద్దు, ఇంజన్ శబ్దం విను అంటాడు. నిన్న తిరుపతి ఫ్లైఓవర్, అదే శ్రీనివాస సేతు అని పిలిచిన గరుడ వారధి ఎక్కుతుంటే మీటరు 40 మీదే ఉంది గానీ టాప్‌లో బండి లాగలేకపోయింది. వెనక బస్సు హారన్, ఒకటే టెన్షన్. ఎవరి మాట వినాలి?

పల్సరోడు:
మీ అన్న చెప్పిందే కరెక్ట్. కొత్తలో చెవికి ఏం తెలుస్తుందబ్బా? పాత హీరో హోండా మీటర్లలో ఏ గేరుకు ఎంత స్పీడో గీతలే వేసేవాళ్లు, ఊరికే వేస్తారా? కొన్నాళ్లు నంబర్లతో తోలు, తర్వాత అదే అలవాటవుతుంది.

భాకరాపేట ఘాట్:
ఆ గీతలు చదును రోడ్డు మీద ఒక్కడు పోతుంటే సరిపోతాయి స్వామీ. వెనక మనిషి, మధ్యలో బియ్యం మూట, ముందు ఎక్కుడు ఉంటే అదే 40లో ఇంజన్ మీద పడే బరువే వేరు. యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పినా స్పీడు పెరగకుండా, ట్యాంకు వణికి, కింద చైను టకటకా కొట్టుకుంటుంటే మీటరు ఎంత చూపిస్తే ఏం లాభం? మూడుకు దించాల్సిందే. స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండికి అసలు లాగుడు ఇంజన్ వేగంగా తిరుగుతున్నప్పుడే వస్తుంది, టాప్‌లో 40 అంటే దానికి కింద ఉన్నట్టు.

లీటరుకు డెబ్బై:
ఎంత తొందరగా టాప్ వేస్తే అంత మైలేజ్. మీరు చెప్పినట్టు మూడులోనే తిరిగితే పెట్రోలు ఎవరు పోస్తారు? నేనైతే దిగుడు వస్తే న్యూట్రల్ చేసి ఇంజనే ఆపేస్తా.

భాకరాపేట ఘాట్:
మొదటి మాట చదును మీద ఒప్పుకుంటా. రెండోది మాత్రం ఎవరికీ చెప్పొద్దన్నా, దండం పెడతా. తిరుమల నుంచి దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు, మలుపు వెంట మలుపు. న్యూట్రల్‌లో ఇంజన్ పట్టి ఆపదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది, డ్రమ్ బ్రేకు అదే పనిగా తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఎక్కిన గేరులోనే దిగాలంటారు పెద్దోళ్లు, కానీ మన కొండకు ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరాయె! అందుకే మూడులో దిగుతూ చూడు, బ్రేకు మాటిమాటికీ తొక్కాల్సి వస్తుంటే రెండుకు రా.

కొత్తచెయ్యి:
సరేన్నా. ఫ్లైఓవర్ మీద మధ్యలో దించాలా, ముందేనా?

భాకరాపేట ఘాట్:
ఎక్కుడు మొదలవుతుండగానే, స్పీడు పడిపోకముందే. యాక్సిలరేటర్ వదిలి, క్లచ్ పట్టి, మడమతో వెనక లివర్ ఒక్కసారి తొక్కి, క్లచ్ మెల్లగా వదులు. టపీమని వదిలితే వెనక చక్రం గుంజేస్తుంది.

పల్సరోడు:
మడమతో అనేది స్ప్లెండర్‌కే. నా పల్సర్‌లో ముందు లివర్ కిందికి తొక్కితేనే గేరు దిగుతుంది, రేపు ఫ్రెండ్ బండి ఎక్కినప్పుడు గుర్తుపెట్టుకో. నంబర్ల సంగతిలో మాత్రం నా మాట నాదే.