ఏఆర్‌టీ మందులు వాడే అక్కకు అంత్యోదయ కార్డు ఎలా?

అందరికీ నమస్కారం. మాది పల్నాడు జిల్లాలో పల్లెటూరు. మా పెద్దమ్మ కూతురు రెండేళ్లుగా ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీకి ఇచ్చేవి) వాడుతోంది. బావ లేడు, ఇద్దరు పిల్లలు. మందులు ఉచితమే, ఒక్కరోజు కూడా మానదు. తిండికే కష్టం. మిరపకాయల కోతకు పిలిస్తేనే కూలి. మొన్న నేను వెళ్లేసరికి పిల్లలకు అన్నం పెట్టేసి, తను ఉప్పేసిన గంజి తాగి బిళ్ల వేసుకుంటోంది. చూసి కడుపు తరుక్కుపోయింది.

పోయిన నెల టీబీ కూడా బయటపడింది. దానికి నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1000 రూపాయలు ఇస్తారు, కానీ టీబీ మందులు వాడినన్నాళ్లే. పేదల్లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను అంత్యోదయలో (నిరుపేదలకిచ్చే రేషన్ కార్డు) చేర్చమని కేంద్రం 2009లోనే చెప్పింది. ఆ కార్డుకు నెలకు 35 కిలోల బియ్యం వస్తాయి. ఆఫీసుకు వెళ్తే నలుగురి ముందే "ఏం జబ్బు?" అని అడిగారు. అక్క ఏమీ చెప్పకుండా తిరిగొచ్చేసింది. ఊళ్లో తెలిస్తే పనికి పిలవరని టెన్షన్. ఆ వివరం బయటపెట్టకూడదని 2017 చట్టం ఉంది కదా!

ఇలా కార్డు తెచ్చుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. ఏఆర్‌టీ సెంటర్ కౌన్సిలర్ చేత నేరుగా తహసీల్దారుకు కాగితం పంపించవచ్చా? గుడ్లు, పప్పు ఇచ్చేవాళ్లు నరసరావుపేట వైపు ఉన్నారా?