అరకు కొండల్లో హాఫ్ మారథాన్: నెక్లెస్ రోడ్ కాళ్లు సరిపోతాయా?

నెక్లెస్_రన్నర్: జనవరిలో అరకు వైపు ఒక హాఫ్‌కి (21 కిలోమీటర్లు) పేరిచ్చేశాను. ఇప్పటిదాకా పరిగెత్తిందంతా హుస్సేన్‌సాగర్ పక్కనే, బెస్ట్ టైం 2:08. అక్కడేమో ఊళ్ల మధ్య మట్టిదారి, అంతా ఎక్కుడూ దిగుడూ అంటున్నారు. ఆ వైపు నేనెప్పుడూ వెళ్లలేదు. రోడ్ షూస్ చాలా, మట్టిదారికి వేసుకునే ట్రైల్ షూస్ కొనాలా? కొండ ప్రాక్టీసు ఎక్కడ చెయ్యాలి? ముందురోజు చేరుకుంటే సరిపోతుందా?

వైజాగ్_సుబ్బు: అందరూ ఎక్కడానికి భయపడతారు. నన్ను చంపింది దిగడం. పోయినేడాది అనంతగిరి దగ్గర కాఫీ తోటల్లో మూడు కిలోమీటర్లు ఒకటే పల్లం. హాయిగా ఉందని కాళ్లు వదిలేశాను. 16వ కిలోమీటరు దాటేసరికి తొడలు బండరాళ్లయ్యాయి. అసలు నొప్పి మర్నాడు కాదు, ఎల్లుండి. ఇంట్లో మెట్లు వెనక్కి తిరిగి దిగాను. రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి శివరాత్రికి ఊడాయి. గోళ్లు కత్తిరించుకుని వెళ్లు.

వికారాబాద్_వీకెండ్: అనంతగిరిలో కాఫీ తోటలెక్కడివి సార్? నేను నెలనెలా వెళ్తాను.

వైజాగ్_సుబ్బు: అది మీ అనంతగిరి బాబూ, మూసీ పుట్టేది. నేను చెప్పేది అల్లూరి జిల్లాలోది.

కోచ్_20ఏళ్లు: 20 ఏళ్లుగా పరిగెత్తుతున్నాను, 11 ఫుల్ మారథాన్లు చేశాను, కాబట్టి వినండి. అరకు ఎత్తులో ఆక్సిజన్ తక్కువ. వారం ముందే వెళ్లి ఒళ్లు అలవాటు చేసుకోవాలి.

చిత్తూరు_చిన్నోడు: అరకు ఎత్తు 900 మీటర్ల చిల్లర. బెంగళూరు కూడా అంతే. మా బావ అక్కడ పదేళ్లుగా ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు. ప్రాక్టీసుకి అలిపిరిని మించింది లేదు. 3550 మెట్లు. నేను వారానికోసారి గాలిగోపురం దాకా పరుగున ఎక్కి దిగుతాను. ఇంకా నిటారుగా కావాలంటే శ్రీవారి మెట్టు, 2388.

ఏడుకొండల_దాసి: అలిపిరి మీకు జిమ్మా? మా అమ్మకి 71 ఏళ్లు. మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కుతుంటే, చెవుల్లో ఏవో పెట్టుకుని ఒకడు పైనుంచి దూసుకొచ్చాడు. కుంకుమ భరిణె పది మెట్లు దొర్లింది. "సారీ ఆంటీ" అన్నాడు, వెనక్కి చూడకుండా.

చిత్తూరు_చిన్నోడు: అది నేను కాదమ్మా. నేను చెప్పులు లేకుండా, గోవిందా అంటూనే ఎక్కుతాను.

ఏడుకొండల_దాసి: గాలిగోపురం దగ్గర దణ్ణం పెట్టేది ముందా, వాచీ నొక్కేది ముందా?

కోచ్_20ఏళ్లు: అసలు మెట్లు వేరు, వాలు వేరు. మెట్టు మీద పాదం సమంగా పడుతుంది. వాలులో మడమ కిందికి దిగి పిక్క సాగుతుంది, నొప్పంతా అక్కడే. జూబ్లీహిల్స్ రోడ్లున్నాయిగా, ఎక్కి దిగండి. ఇది తెలియనివాళ్లు సలహాలివ్వకూడదు.

చిత్తూరు_చిన్నోడు: ఆక్సిజన్ మాట అన్నప్పుడే మీ 20 ఏళ్లు తెలిసిపోయాయి.

కోచ్_20ఏళ్లు: నోరు జాగ్రత్త. నువ్వు పుట్టకముందు నుంచి...

గోంగూర_గుంటూరు: నేను ముందురోజు రాత్రి ఊరు కాని ఊళ్లో బిర్యానీ తిన్నాను. 9వ కిలోమీటరులో పొదలు వెతుక్కున్నాను. ఇంతకంటే అడగకండి.

మన్యం_కుర్రోడు: మాది హుకుంపేట వైపు. జనవరి తెల్లారుజామున మంచు పట్టిందంటే ముందు పోయే మనిషి కూడా కనపడడు. చెట్ల మీంచి చుక్కలు కారి ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. గెడ్డ (వాగు) దాటేచోట గుండ్రాళ్లు కాలి కింద కదులుతాయి, పక్కన మట్టి మీద అడుగెయ్యండి. కుక్కలు వస్తే పరిగెత్తొద్దు. ఆగి, రాయి తీస్తున్నట్టు వంగితే చాలు. ఇంకో మాట. మీరు డబ్బు కట్టి ఎక్కే ఎక్కుడుని మా అమ్మ అల్లం మూట నెత్తిన పెట్టుకుని సంతకి ఎక్కుతుంది. పొట్టి పొట్టి అడుగులు, ఎక్కడా ఆగదు. మీరు నడిస్తే ఎవరూ నవ్వరు.

వైజాగ్_సుబ్బు: అమ్మకి దణ్ణం. ఈసారి నేను ఎక్కుళ్లన్నీ నడకే.

కోచ్_20ఏళ్లు: నడిచేదాన్ని మారథాన్ అనరు.

నెక్లెస్_రన్నర్: షూస్ గురించి ఒక్కరూ చెప్పలేదు.

వికారాబాద్_వీకెండ్: నా దగ్గర ట్రైల్ షూస్ ఉన్నాయి, 9 సైజు. రెండుసార్లే వేశాను. మోకాలు నొప్పని అమ్మేస్తున్నాను. సగం ధరకి ఇస్తాను.

నెక్లెస్_రన్నర్: నాది 8. పల్లంలో వేళ్లకి చోటు కావాలంటారుగా, పర్లేదేమో?

ఏడుకొండల_దాసి: 8కి 9 వేసుకుంటే మా అమ్మ భరిణెలాగే దొర్లుతావు నాయనా.