ప్రోటోప్లాస్ట్‌లో లూసిఫరేజ్ వెలిగితే ప్రమోటర్ సంగతి తేలినట్టేనా?

అంకురం:
ఒక జన్యువు ప్రమోటర్‌ను (జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేయాలో నియంత్రించే డీఎన్ఏ ముక్కను) కాంతినిచ్చే ఎంజైమ్ లూసిఫరేజ్ జన్యువు ముందు చేర్చిన ప్లాస్మిడ్‌ను (చిన్న డీఎన్ఏ వలయాన్ని), ఆకు కణాల గోడలు కరిగించి తీసిన ప్రోటోప్లాస్ట్‌లలోకి పాలీఇథిలీన్ గ్లైకాల్‌తో పంపాను. కరువులో మొక్క తయారుచేసే హార్మోన్ అబ్సిసిక్ ఆమ్లం కలపగానే కాంతి పెరిగింది. ఈ ఫలితం వ్యాసానికి చాలుతుందా? జన్యుమార్పిడి మొక్కలు కూడా పెంచాలా?

వేరుబుడిపె:
పెంచాల్సిందే. మీ ప్లాస్మిడ్ క్రోమోజోములో లేదు, సొంత జన్యువుకున్న క్రోమాటిన్ అమరిక (డీఎన్ఏ ప్రోటీన్లకు చుట్టుకుని ఉండే తీరు) దానికి ఉండదు. ఒక్కో కణంలోకి ఎన్ని ప్రతులు వెళ్లాయో తెలియదు. పైగా గోడ తీసేయడమే కణానికి పెద్ద ఒత్తిడి. ఒత్తిడికి స్పందించే ప్రమోటర్‌ను అలాంటి కణంలో కొలిచి ఏం తేలుస్తారు?

పత్రరంధ్రం:
అబ్సిసిక్ ఆమ్లం కలపని ప్రోటోప్లాస్ట్‌లు కూడా అదే ఒత్తిడిలో ఉన్నాయి కదా, పోల్చేది వాటితోనే. ప్రతుల లెక్కకు రెండు లూసిఫరేజ్‌ల ప్లాస్మిడ్‌లు ఉన్నాయి. పీగ్రీన్-2 0800 అనే ప్లాస్మిడ్‌లో మిణుగురు లూసిఫరేజ్ ముందు మన ప్రమోటర్, అదే ప్లాస్మిడ్‌లో 35ఎస్ ప్రమోటర్ కింద రెనిల్లా అనే సముద్రజీవి లూసిఫరేజ్. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే డీఎన్ఏ ఎక్కువతక్కువల తేడా చాలావరకు పోతుంది. జన్యుమార్పిడి మొక్కల్లో మాత్రం మనం చేర్చే డీఎన్ఏ ముక్క (టీ-డీఎన్ఏ) క్రోమోజోములో ఎక్కడ పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ప్రమోటర్ ముందున్న గస్ (నీలిరంగు తెప్పించే ఎంజైమ్) జన్యువుతో, అదే నిర్మాణంతో, ఒక మొక్క వేరంతా నీలంగా మారుతుంది, పక్క మొక్కలో రంగే రాదు.

వేరుబుడిపె:
ఆ 35ఎస్ దగ్గరే నా అభ్యంతరం. కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్‌ది అది. దాని ఎన్‌హాన్సర్ (జన్యువు జోరు పెంచే డీఎన్ఏ భాగం) పక్కనున్న ప్రమోటర్లను కూడా లేపుతుంది. కొలతబద్దే కొలిచే వస్తువును కదిలిస్తుంటే ఆ నిష్పత్తికి విలువేముంది?

నారుమడి:
రెనిల్లాను వేరే ప్లాస్మిడ్‌లో ఇవ్వండి.

పత్రరంధ్రం:
అప్పుడు రెండూ ఒకే మోతాదులో చేరాయన్న భరోసా తగ్గుతుంది. అంతకంటే, ప్రమోటర్‌లో అబ్సిసిక్ ఆమ్లానికి స్పందించే చోట ఉన్న ఏసీజీటీ అనే నాలుగు డీఎన్ఏ అక్షరాలను మార్చిన ప్లాస్మిడ్‌ను పక్కన పెట్టి కొలవండి. 35ఎస్ రెండింటిలోనూ ఉంటుంది. స్పందన ఒకదానిలోనే పోతే కారణం 35ఎస్ కాదు.

వేరుబుడిపె:
మా ప్రయోగశాలలో ముందున్నవాళ్లు ఇలాంటి కొలతతోనే వ్యాసం వేసుకుని వెళ్లిపోయారు. ఆ ప్రమోటర్‌ను మొక్కల్లో చూపించే పని నాకు పడింది. ఏ తరంలోనూ, ఏ మొక్కలోనూ అది పనిచేయలేదు. నా పరిశోధన కాలమంతా వాళ్ల కాంతి అంకెలకు బలైపోయింది.

పత్రరంధ్రం:
మీ చేదు అనుభవం ఇంకొకరి ప్రయోగానికి తీర్పు కాదు! మా వ్యాసాన్ని ఒక సమీక్షకుడు సరిగ్గా మీ మాటతోనే తిప్పి పంపారు. నెలల తరబడి మొక్కలు పెంచే చోటు, డబ్బు లేని ప్రయోగశాలలు జన్యు నియంత్రణ జోలికి రాకూడదా? మీరు నమ్మే గస్ నీలిమరకలు మాత్రం అంత నికరమైనవా? ఆ ఎంజైమ్ కణంలో చాలాకాలం నిలిచి ఉంటుంది. ప్రమోటర్ ఆగిపోయాక కూడా రంగు వస్తూనే ఉంటుంది. తగ్గుదల చూడాలంటే త్వరగా నశించే లూసిఫరేజే దిక్కు.

వేరుబుడిపె:
గస్ గురించి మీరన్నది నిజమే. నా కోపం ప్లాస్మిడ్ మీద కాదు. ‘ఈ డీఎన్ఏ ముక్క అబ్సిసిక్ ఆమ్లానికి స్పందించగలదు’ అని రాయండి, సంతకం పెడతాను. కానీ శీర్షికలో ‘కరువును తట్టుకోవడంలో ఈ జన్యువు పాత్ర’ అంటారు. ఆ శీర్షిక నమ్మి ఇంకో విద్యార్థి ఏళ్లు పోగొట్టుకుంటారు.

పత్రరంధ్రం:
ఆ మాట మొదటే అనాల్సింది. శీర్షిక విషయంలో మీతో ఉన్నాను. అయినా పాత్ర తేల్చడానికి జన్యుమార్పిడి మొక్కలొక్కటే దారి అంటే ఒప్పుకోను. మామూలు మొక్కకే నీరు ఆపి, ఆ జన్యువు ఆర్‌ఎన్‌ఏ పెరిగిందో లేదో కొలవవచ్చు.

వేరుబుడిపె:
పెరిగిందని తెలుస్తుంది. ఈ ప్రమోటర్ ముక్క వల్లే పెరిగిందని తెలియదు. అందుకే మొక్కలు కావాలంటున్నాను.

అంకురం:
శీర్షికలో ‘కరువు’ తీసేస్తున్నాను. ముందు ఏసీజీటీ మార్చిన ప్లాస్మిడ్ కడతాను, ఆర్‌ఎన్‌ఏ కూడా కొలుస్తాను. మొక్కల మాట మా గైడ్‌తో మాట్లాడాలి.

వేరుబుడిపె:
ఆర్‌ఎన్‌ఏ ఆకు నుంచే కాదు, వేరు నుంచి కూడా విడిగా తీయండి.