కారు హీటర్ ఆగినప్పుడు చల్లగా, తొక్కితే వెచ్చగా: ముందు ఏం చూడాలి?

అందరికీ నమస్కారం. మా పెట్రోల్ కారులో హీటర్ సరిగ్గా పనిచేయడం లేదు. బండి ఆగి ఉంటే చల్లగాలే వస్తోంది, యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం కాస్త వెచ్చబడుతోంది. వెనక సీట్లో చంటిపాప ఉంటుంది కాబట్టి నాకు టెన్షన్‌గా ఉంది. పైగా ముందు అద్దానికి పట్టిన ఆవిరి కూడా త్వరగా పోవడం లేదు.

బ్లోయర్ అన్ని స్పీడ్లలోనూ బాగానే తిరుగుతోంది. టెంపరేచర్ ముల్లు ఎప్పటిలాగే మధ్యలో నిలబడుతోంది, కాబట్టి థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్‌ని, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుపోలేదనే అనుకుంటున్నాను. ఇంజిన్ వేడెక్కాక హీటర్ కోర్‌కి (వేడి కూలెంట్‌తో లోపలి గాలిని వెచ్చబరిచే చిన్న రేడియేటర్) వెళ్లే రెండు గొట్టాలనూ జాగ్రత్తగా తాకి చూశాను: ఒకటి బాగా వేడి, రెండోది గోరువెచ్చన. కూలెంట్ మట్టం నెమ్మదిగా తగ్గుతోంది. కానీ బండి కింద మరక లేదు, లోపల కార్పెట్ తడవలేదు, తియ్యని వాసనా లేదు.

మెకానిక్ డ్యాష్‌బోర్డ్ విప్పి హీటర్ కోర్ మార్చాలంటున్నాడు. అంత పెద్ద పనికి ముందు కూలెంట్ నింపి, లోపల చిక్కుకున్న గాలి తీసేసి, కోర్‌ని ఫ్లష్ చేస్తే సరిపోతుందా? వాటర్ పంప్ బలహీనపడినా ఇలాగే ఉంటుందా? నన్ను ఎక్కువగా భయపెడుతున్నది హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ పైభాగానికీ మధ్య ఉండే సీల్) పాడైందేమోనని. దానికి ప్రెషర్ టెస్ట్ (కూలెంట్ వ్యవస్థలో ఒత్తిడి పెట్టి లీకు చూడటం) ఒక్కటి చాలా, కూలెంట్‌లో ఎగ్జాస్ట్ గ్యాస్ ఉందేమో చూసే పరీక్ష కూడా చేయించాలా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.